పూతరేకుల డబ్బా మార్చాక పాత కొనుగోలుదారులు చేత్తో తడిమి "ఇవి మీవేనా?" అంటున్నారు

రేకు_కుండ
మాది ఆత్రేయపురం పక్కన పల్లె. అమ్మ, పిన్ని, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు రేకులు తీస్తారు. అమ్మకం నేను చూసుకుంటాను. ఇన్నేళ్లూ మా డబ్బా ఒకటే. మట్టిరంగు గరుకు అట్ట, పైన ఎర్ర రంగుతో పేరు, లోపల బటర్ పేపర్, అంతే. 2023లో పూతరేకులకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అన్న ప్రభుత్వ గుర్తింపు, వచ్చాక రోడ్డు పొడవునా దుకాణాలు పెరిగాయి. అందరి డబ్బాలూ తళతళలాడుతున్నాయి, మనమే వెనకబడ్డామేమో అని సంక్రాంతికి ముందు నేనూ మార్చేశాను. మెరిసే లామినేషన్, బంగారు రంగు అక్షరాలు. 3,000 డబ్బాలు కొట్టించాను.

ఇప్పుడు సమస్య ఏంటంటే, పాతవాళ్లు డబ్బా చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఓసారి రాసి చూసి, "ఇవి మీవేనా?" అంటున్నారు. రావులపాలెం నుంచి ఏళ్ల తరబడి వచ్చే ఒకావిడ "ఫ్యాక్టరీ సరుకులా ఉంది బాబూ" అని కింద పెట్టేసింది. లోపల అదే జయ బియ్యం, అదే నెయ్యి, అదే బెల్లం. అమ్మ కూడా "చేతికి జారిపోతోందిరా, నాది అనిపించట్లేదు" అంది. కంటికి కొత్త డబ్బాయే బాగుంది, అది అందరూ ఒప్పుకుంటున్నారు. మరి చేతికి ఎందుకు నచ్చట్లేదు? 3,000 డబ్బాలూ పారేయాలా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

భీమవరం_ఆన్‌లైన్
పారేయకండి. ఇంకో రెండు నెలలు ఆగితే అలవాటు పడతారు. ఇప్పుడు సగం అమ్మకం ఫోన్లోనే కదా. ఫోన్లో ఎవరు తడిమి చూస్తారు? ఫొటోలో మెరవాలి, అదే ముఖ్యం.

లంకలో_పిల్ల
ఫొటో చూసి మొదటిసారి కొంటారు. రెండోసారి కొనేది చేతికొచ్చాకే.

పుల్లేటికుర్రు_మగ్గం
భీమవరం అన్నగారితో నేను ఒప్పుకోను. మేం చీరలు వీడియో కాల్లోనే అమ్ముతాం. అవతలివాళ్లు రంగు చూశాక అడిగే మొదటి ప్రశ్న "మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?" అనే. అందుకే మా ఆవిడ కెమెరా ముందు కొంగు గుప్పిట్లో నలిపి వదులుతుంది. ముడత ఎలా విచ్చుకుంటుందో చూసి వాళ్లు బట్ట ఎలా ఉంటుందో పోల్చుకుంటారు. అంటే కళ్లతోనే తడుముతున్నారన్నమాట.

మాకూ ఇలాంటి దెబ్బే తగిలింది. మగ్గం మీంచి దిగిన కాటన్ చీరకు గంజి ఉంటుంది. ఆ గంజి లేకపోతే పోగు తెగిపోతుంది, నేత సాగదు. మన ఊళ్లలో ఆడవాళ్లకు అది తెలుసు, రెండు ఉతుకులకు దారిలో పడుతుందని కొంటారు. హైదరాబాద్, బెంగళూరు వాళ్లు ప్యాకెట్ విప్పి "గరుగ్గా ఉంది, గోనెలా ఉంది" అని వెనక్కి పంపేవారు. రెండేళ్లు నష్టపోయాం. చివరికి ఒక చీరను పదిసార్లు ఉతికి, జానెడు ముక్కలుగా కత్తిరించి, ప్రతి ప్యాకెట్లో ఒక ముక్క పెట్టడం మొదలుపెట్టాం. "పది ఉతుకుల తర్వాత మీ చీర ఇలా ఉంటుంది" అని చీటీ. ఒక చేత్తో చీర, ఇంకో చేత్తో ముక్క పట్టుకుంటే ఇక చెప్పాల్సిందేమీ లేదు. వాపసులు బాగా తగ్గాయి.

రేకు_కుండ
@పుల్లేటికుర్రు_మగ్గం ఆ ముక్క ఆలోచన నాకు చాలా నచ్చిందండి. అమ్మకు చదివి వినిపించాను.

గీతలపెట్టె
నేను డిజైన్ చదువుతున్నాను, మాది అమలాపురం. మా క్లాసులో స్పర్శ గురించి మొదట చెప్పేది కోకాకోలా సీసా కథే. 1915లో కంపెనీ సీసాలు చేసేవాళ్లకు పెట్టిన షరతు ఏంటంటే, చీకట్లో తడిమినా, పగిలి నేల మీద పడి ఉన్నా అది మా సీసాయే అని తెలియాలి. ఇండియానా రాష్ట్రంలో టెర్రె హాట్ అనే ఊళ్లోని రూట్ గ్లాస్ కంపెనీ ఆ నడుము సన్నని సీసా చేసి గెలిచింది. పేరు చదవకుండా చేతికే గుర్తు ఉండిపోవడం అన్నమాట. రేకు_కుండ గారి పాత డబ్బా అదే పని చేసింది, ఎవరూ డిజైన్ చేయకుండానే. ఆ గరుకే మీ సంతకం. మీరు దాన్ని చెరిపేశారు.

మిల్లు_గుమ్మం
గోళీ సోడా సీసా కూడా అంతే కదా. మెడ దగ్గర నొక్కు, బొటనవేలితో గోళీ నొక్కడం. కళ్లు మూసుకుని ఇచ్చినా చెప్పేస్తాను.

లంకలో_పిల్ల
మా తాతయ్య ఇప్పటికీ సీసా ఊపి గోళీ చప్పుడు వింటేగానీ తాగడు.

గౌతమిగట్టు
ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషిని, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన వేలికొస చాలా గొప్ప పరికరం. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. చాలా సన్నని ముడతలున్న పలకల మీద మనుషుల చేత వేలు రాయించారు. 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతకీ, అసలు ముడతే లేని నున్నని పలకకీ తేడా వేలు పట్టేసింది. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. లెక్క మీరే వేసుకోండి. అయితే ఒక సంగతి. వేలు ఊరికే ఆనించి ఉంచితే అంత సన్నని తేడా తెలియదు, కదపాలి. కదిలినప్పుడు చర్మంలో పుట్టే అదురును లోపలి నరాల కొసలు పసిగడతాయి. రావులపాలెం ఆవిడ బొటనవేలితో రాసి చూసిందన్నారే, ఆవిడ చేసింది సరిగ్గా అదే.

ఇక జారడం సంగతి. నున్నని ప్లాస్టిక్ పొర మీద వేలి చర్మం ఎక్కువ భాగం ఆనుతుంది. చెమట పట్టిన వేలైతే జిగురులా పట్టేస్తుంది, నెయ్యి అంటిన వేలైతే సర్రున జారుతుంది. గరుకు అట్ట మీద వేలు ఆనే చోటు తక్కువ, పైగా అట్ట కాస్త తేమ పీల్చుకుంటుంది. మన డెల్టా ఉక్కలో చేతులు ఎప్పుడూ తడే. మీ అమ్మగారి వేళ్లకు పొద్దున్నుంచీ నెయ్యే. ఆవిడ మాటలో తప్పేం లేదు.

రేకు_కుండ
మేస్టారూ, ఇన్నాళ్లూ అమ్మ పాతకాలపు మనిషి కాబట్టి అలా అంటోందనుకున్నాను.

అసలు మా పనంతా చేతి మీదే నడుస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండుతుంటాయి. పలచటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వచ్చేస్తుంది. కుండ కాక సరిపోయిందో లేదో ఏ మీటరూ చెప్పదు, గుడ్డ లాగినప్పుడు చేతికి తెలుస్తుంది. చుట్టేటప్పుడు ఇంకా కష్టం. ఎండు రేకు పట్టుకుంటే పొడైపోతుంది. తడిగుడ్డతో అలా అద్దీ అద్దనట్టు అద్ది, మెత్తబడే క్షణం చూసి నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడవాలి. తడి ఒక్క రవ్వ ఎక్కువైతే పేస్టు. ఇంత చేతిపని లోపల పెట్టి బయట ప్లాస్టిక్ పొర తొడిగానన్నమాట.

కొక్కెం_దారం
నరసాపురం లేసు అల్లే ఇంటి దాన్ని. మాకూ ఇదే బాధ. చేత్తో అల్లిన లేసు మీద వేలు పెడితే రెండు వైపులా ముడులు తగులుతాయి, ఒక పువ్వు ఇంకో పువ్వులా ఉండదు. మెషిన్ లేసు చదునుగా ఉంటుంది, ఒకే కొలత. కంటితో చూస్తే దూరం నుంచి రెండూ ఒకటే. మా దగ్గర తీసుకునే వ్యాపారి నాలుగు వైపులా అంటించిన ప్లాస్టిక్ కవర్లో పెట్టమంటాడు, మాసిపోతుందని. ఆ కవర్లో పెట్టాక మెషిన్ సరుకు ధరకే అడుగుతారు. ఎందుకు ఎక్కువ ఇవ్వాలో వాళ్ల చేతికి తెలియలేదు కాబట్టి.

నేను సొంతంగా అమ్మేవాటికి కవర్ మూల ఒకటి కత్తిరించి, లేసు అంచు రెండు అంగుళాలు బయటికి వదులుతాను. ఆ అంచు పట్టుకున్నవాళ్లు బేరం తక్కువ ఆడతారు.

భీమవరం_ఆన్‌లైన్
అది మాసిపోతే?

కొక్కెం_దారం
మాసిన అంచు ఉతుకుతాను. నెలల తరబడి చేసిన పని మెషిన్ ధరకు పోవడం కంటే ఉతకడమే నయం.

గీతలపెట్టె
లేసు అక్కగారు చెప్పింది పరిశోధనల్లోనూ తేలింది. జోవన్ పెక్, సుజాన్ షు అనే ఇద్దరు 2009లో ప్రచురించారు. వస్తువును ఊరికే ముట్టుకోనిచ్చినా అది తమదే అన్న భావం పెరుగుతుంది, ముట్టుకుంటే హాయిగా ఉన్నప్పుడు దానికి కట్టే విలువా పెరుగుతుంది. భీమవరం అన్న కోసం ఇంకో ముక్క. ముట్టుకునే వీలు లేనప్పుడు, ముట్టుకున్నట్టు ఊహించుకోమన్నా ఆ సొంతమన్న భావం పెరిగింది. వీడియో కాల్లో కొంగు నలపడం ఊరికే పోలేదు.

నా సలహా: ఈసారి బరువైన, మందమైన గట్టి పెట్టె చేయించండి. అయస్కాంతం మూత. చేతిలో బరువు ఉంటే విలువైనది అనిపిస్తుంది.

రేకు_కుండ
తమ్ముడూ, అది మాత్రం కుదరదు. పూతరేకు అంటేనే తేలిక. పది రేకుల డబ్బా ఎత్తితే గాలి ఎత్తినట్టుండాలి. పెట్టెలో బరువు పెట్టి అమ్మితే, మూత తీశాక "ఇంతేనా?" అంటారు. ఆ మాట మా ఇంట్లో పడనివ్వను.

గౌతమిగట్టు
బాగా చెప్పారు. నీళ్ల గ్లాసుల మీద ఒక ప్రయోగం ఉంది, 2008లో అరాధనా కృష్ణ, మౌరీన్ మోరిన్ చేశారు. అవే నీళ్లు పలచటి, నొక్కుకుపోయే గ్లాసులో ఇస్తే నాసిరకంగా ఉన్నాయని కొందరన్నారు. కానీ ఎవరన్నారు? వస్తువులు తడిమి చూడడం అంతగా ఇష్టంలేనివాళ్లు. తడమడం అలవాటున్నవాళ్లు గ్లాసు వేరు, నీళ్లు వేరు అని విడదీసి చూడగలిగారు. మీ పాత కొనుగోలుదారులు ఈ రెండో రకం. వాళ్లను బరువు పెట్టెతో బుట్టలో వేయలేరు.

గీతలపెట్టె
సరే, బరువు మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేకు_కుండ అన్నగారి మాటే కరెక్ట్.

మిల్లు_గుమ్మం
బియ్యం సంగతి చెబుతాను. పూర్వం గోనె బస్తా మూతి విప్పి ఉండేది. కొనేవాడు మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి వదిలేవాడు. పాత బియ్యమైతే వేళ్ల మధ్య నుంచి జలజలా జారతాయి. కొత్త బియ్యమైతే తవుడు పొడి అరచేతికి అంటుకుంటుంది. నోరు విప్పకుండా బేరం సగం అయిపోయేది. ఇప్పుడు అన్నీ మెరుపు బొమ్మల ప్లాస్టిక్ బస్తాలు, కుట్టేసినవి. 2022 జులైలో 25 కిలోల వరకూ ఉన్న ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక 26 కిలోల బస్తా కూడా చూశాం. బస్తా మీద బొమ్మ చూసి కొంటున్నారు, వండాక తిడుతున్నారు.

మా గుమ్మం ముందు వెడల్పు బేసిన్లో ఒక్కో రకం విప్పి పెట్టాను. స్వర్ణ, సాంబ మసూరి, రెండూ. ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు. పిల్లలు ఆడుకుంటారు, కొన్ని గింజలు పోతాయి. పోనీ.

పీచు_చాప
అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పని మాది. అందరూ మెత్తదనం మెత్తదనం అంటున్నారు గానీ, గరుకే కావలసిన వస్తువులూ ఉన్నాయి. ఒక నగరం షాపువాళ్లు మా గుమ్మం పట్టాలు చూసి "కాళ్లకు గుచ్చుకుంటున్నాయి, మెత్తగా చేయండి" అన్నారు. మెత్తగా చేస్తే బురద ఎలా రాలుతుందండీ? వానాకాలం మన గట్టు మీద నడిచొచ్చిన కాలిని ఆ ముల్లే కదా తోమేది. గరుకు దానికి లోపం కాదు, దాని పనే అది. ఆయ్, నేను ఒప్పుకోలేదు. ఆర్డర్ పోయింది, ఇప్పటికీ బాధ లేదు.

రేకు_కుండ గారూ, కావాలంటే డబ్బాకు కట్టడానికి సన్నని పీచుతాడు పంపుతాను. మన కోనసీమ గుర్తుగా ఉంటుంది.

కొక్కెం_దారం
పీచుతాడు తిండి డబ్బాకు వద్దు అన్నయ్యా. పొడి రాలుతుంది, పిల్లల నోట్లో పోతుంది. నూలు దారం మేలు.

పీచు_చాప
అదీ నిజమే అక్కా. నూలే కట్టండి.

అచ్చుగది
రాజమండ్రిలో చిన్న ప్రెస్సు నడుపుతాను. పని మాట మాట్లాడుకుందాం.

మెరిసే లామినేషన్ ఎందుకు వేయమంటారంటే నెయ్యి మరక బయటికి రాకుండా, రంగు గీసుకుపోకుండా. ఆ అవసరం నిజమే. కానీ పొర బయటే వేయాలని రూలేం లేదు. లోపలి వైపు నెయ్యి పీల్చని పొర వేయించి, బయట అట్టను అట్టగా వదిలేయండి. పైన ఒకే రంగు, మీ పాత ఎరుపు. మెరుపు లేని లామినేషన్ అని ఇంకోటి ఉంది, వెల్వెట్‌లా తగిలేది కూడా ఉంది. అవి చేతికి బాగానే ఉంటాయి, కానీ అవీ ప్లాస్టిక్ పొరలే. ముదురు రంగు మీద నెయ్యి వేలు పడితే మచ్చ అలాగే కనబడుతుంది. మీ సరుకుకు పనికిరావు.

ఉన్న 3,000 డబ్బాలకు గరుకు క్రాఫ్ట్ కాగితంతో నడుము పట్టీ చుట్టండి. మనిషి డబ్బా పట్టుకున్నప్పుడు బొటనవేలు పడేచోటు ఎక్కడో చూసుకుని, అక్కడికి వచ్చేలా.

రేకు_కుండ
ఇది నిజంగా ప్రాణం పోసిన మాట. రేపే పదిమంది చేత పట్టించి చూస్తాను, వేలు ఎక్కడ పడుతుందో.

వేలిచూపు
ఇంతసేపు చదివాక, అంటే ఫోన్ చదువుతుంటే విన్నాక, నేనూ రాయాలనిపించింది. నాకు చూపు లేదు, కాకినాడలో ఉంటాను. మీరందరూ స్పర్శను అందం గురించి, నమ్మకం గురించి మాట్లాడారు. మాకు అది చదువుకోవడం.

రేకు_కుండ గారి డబ్బాలు మా ఇంటికి వస్తాయి. బెల్లంవీ పంచదారవీ ఒకే సైజు, ఒకే ఆకారం. మా నాన్నకు షుగర్, ఆయనకు రెండూ ఇవ్వకూడదనుకోండి, అది వేరే. నాకు బెల్లంవి ఇష్టం. ప్రతిసారీ ఎవరినో అడగాలి. జపాన్లో కావో అనే కంపెనీ 1991లో షాంపూ సీసా పక్కన వరసగా గాట్లు పెట్టింది. కండిషనర్ సీసాకు గాట్లు ఉండవు. తల రుద్దుకునేటప్పుడు కళ్లున్నవాళ్లు కూడా కళ్లు మూసుకునే ఉంటారు కదా, అందరికీ పనికొచ్చింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. యూరప్‌లో 2004 నాటి ఆదేశంతో మందుల డబ్బాల మీద మందు పేరు బ్రెయిలీలో ఉంటుంది. మన నోట్లు చూడండి. 100 నోటు అంచున ఉబ్బెత్తు గీతలు నాలుగు, 500కి అయిదు. కొత్త నోటు మీద బాగా తెలుస్తాయి. చేతులు మారి మారి నలిగాక గీతలు అణిగిపోతాయి. అప్పుడు పొడవు చూసుకోవాలి, కొత్త 100కీ 200కీ తేడా 4 మిల్లీమీటర్లే. సంతలో నిలబడి 4 మిల్లీమీటర్లు కొలవడం ఎంత కష్టమో చెప్పలేను. 20 రూపాయల నాణెం మాత్రం హాయి, 12 అంచులు, ఠక్కున తెలుస్తుంది.

డబ్బా మూల ఒక చిన్న ఉబ్బు చాలు. బెల్లానికి ఒకటి, పంచదారకు రెండు.

లంకలో_పిల్ల
ఇది చదివి లేచి వెళ్లి పర్సులో 500 నోటు తడిమి చూశాను. అయిదు గీతలు! ఇన్నేళ్లలో ఒక్కసారీ గమనించలేదు.

భీమవరం_ఆన్‌లైన్
నేనూ చూశాను. రొయ్యల మందుల డబ్బాలు అమ్ముతాను నేను. చీకట్లో చెరువు గట్టున టార్చి నోట్లో పెట్టుకుని పేరు చదువుతుంటారు మావాళ్లు. గుర్తు ఉబ్బెత్తుగా ఉంటే ఎంత బాగుణ్ణు. పైన ఫొటో ఒక్కటే ముఖ్యం అన్నాను, ఆ మాట నిలబడదు.

రేకు_కుండ
@వేలిచూపు మా డబ్బా మీ ఇంట్లో ఉందని తెలియడమే నాకు పెద్ద సంగతి. ఇన్నేళ్లూ మీరు ప్రతిసారీ ఎవరినో అడుగుతున్నారంటే సిగ్గుగా ఉంది. తప్పకుండా చేస్తాను. @అచ్చుగది అన్నా, ఆ ఉబ్బు వేయగలరా?

అచ్చుగది
వేయొచ్చు, ఎంబాసింగ్ డై కావాలి, అంటే అట్టను నొక్కి ఉబ్బు లేపే అచ్చు. గరుకు అట్ట పీచు మరీ పైకి లాగితే చిట్లుతుంది, తక్కువ లేపితే వేలికి తెలియదు. పైగా డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చితే అణిగిపోతాయి. మూత మీద కాదు, పక్క గోడ మీద వేద్దాం. రెండు మూడు ఎత్తుల్లో నమూనాలు కొట్టి పంపుతాను. @వేలిచూపు మీరే చూసి చెప్పాలి.

వేలిచూపు
కాగితం మీద బ్రెయిలీ చుక్క సుమారు అర మిల్లీమీటరు ఎత్తుంటుంది. దానికి దగ్గరగా చూడండి. రెండు చుక్కలు మరీ దగ్గరగా ఉంటే ఒకటే అనిపిస్తాయి.

రేకు_కుండ
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. నడుము పట్టీ చుట్టాం, నూలు దారంతో కట్టాం. పదిమందిలో ఎనిమిది మంది బొటనవేలు మూత ముందు అంచు మీదే పడింది, పట్టీ అక్కడికే తెచ్చాం. రావులపాలెం ఆవిడ నిన్న వచ్చారు. పట్టీ మీద వేలు రాసి, ఏమీ అనకుండా మూడు డబ్బాలు తీసుకున్నారు. అమ్మ మాత్రం "పట్టీ వరకూ నాది, మిగతాది వాళ్లది" అంటోంది. మెరుపు డబ్బాలు అయిపోయాక పాత అట్టకే వెళ్తాం.

వేలిచూపు
నమూనాలు మూడూ అందాయి. మొదటిది అసలు తెలియలేదు. మూడోది బాగా తెలిసింది గానీ చుక్క నెత్తిన అట్ట చిట్లి గోరుకు తగులుతోంది. రెండోది బాగుంది, కానీ కాకినాడ వచ్చేసరికి రెండు చుక్కల్లో ఒకటి అణిగింది. అప్పుడది బెల్లమే అయిపోతుంది.

అచ్చుగది
అలాగైతే పంచదారకు చుక్కలు వద్దు, పొడుగు గీత వేద్దాం. గీత ఒక చోట అణిగినా మిగతాది తెలుస్తుంది. బెల్లానికి చుక్క. మంగళవారం కొత్త డై వస్తుంది, రేకు_కుండ గారూ, ఖాళీ డబ్బాలు ఓ ఇరవై పట్టుకుని రండి.

రేకు_కుండ
వస్తాను. అమ్మ కూడా వస్తానంటోంది.